పడుట, లేచుట

మన భాషలో "పడు" ధాతువు చేయు పనులు పెక్కు. నేలబడుట యొకటి, మాటపడుట యొకటి, అత్తవారింట నోరెత్తక పడియుండుట వేరొకటి. ఈ మూడింటిలో కడపటి రెండింటిని మన యిండ్లలో ఆడపిల్లలకు పసితనమునుండి శ్రద్ధగా నేర్పుచున్నాము. మొదటిదానిని మాత్రము నేర్పము. ఆదోనిలో నొక కళాశాల బాలికల ఫుట్‌బాలు జట్టున గోలు కాచువారికి మేము సాయంకాలములందు శిక్షణ మిచ్చుచున్నాము. పగలు బడిలో సంస్కృత శబ్దములును ఇంగ్లీషు వాక్యములును చెప్పు మాకు ఈ పని యేల యని కొందరడుగుదురు. విద్యార్థిదశలో మేమును గోలు కాచినవారమే. అంతకు మించి, బడిలో చెప్పలేని పాఠమొకటి ఆ రెండు స్తంభముల నడుమ చెప్పవచ్చునని మా నమ్మకము.

గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. పురుషుల ఆటకును స్త్రీల ఆటకును కొలత యొక్కటే. ఇంత వాకిలిని ఒక బాలిక గీతమీదనే నిలిచి కాచుట యసాధ్యము. దీపమునకు దగ్గరగా చేయి పట్టినచో గోడయంతయు నీడ పరచుకొనును. గోడకడనే పట్టినచో నీడ అరచేయియంతయే. బంతి తన్నునది దీపము, గోలు గోడ, నీవు చేయి యని మేము చెప్పుదుము. బంతికెదురుగా నాలుగడుగులు ముందునకు వచ్చిన పిల్ల తన వెనుకనున్న గోలును చాలవరకు మరుగుపరుచును. మితిమీరి వచ్చెనా, బంతి తలమీదుగా పోవును. వెనుకకు ఒదిగియుండుటయే క్షేమమని విని పెరిగిన పిల్లలకు, ఒక్కొక్కప్పుడు ముందడుగే రక్షణమని తెలియుట చిన్న సంగతి కాదు.

రెండవ పాఠము పడుట. మా వైపు నల్లరేగడి వేసవిలో బీటలువారి రాయివలె గట్టిపడును. అట్టి నేలమీద ఉత్తగనే పడుమనుట క్రూరత్వము. పత్తికి పేరుపొందిన యూరు గనుక పాత పరుపులకు కొదువ లేదు. వానిని పరచి, మొదట మోకాళ్లపైనుండియు, పిదప గొంతుకూర్చుండియు, తుదకు నిలిచియు ప్రక్కకు పడుట నేర్పుదుము. పిక్క, తొడ, తుంటి, భుజము వరుసగా నేలను తాకవలెను. మోచేయి గాని మణికట్టు గాని ముందు తాకరాదు. చేతులు బంతివెంటనే పోవలెను. సగములో వెరచి చేయి నేలకానించిన పిల్లకే దెబ్బ తగులుట మేము తరచుగా చూచితిమి.

మూడవ పాఠము అన్నింటికంటె కష్టము. అది కేక. మైదానమంతయు గోలు కాచువారి కన్నులకెదురుగా నుండును. తమ వెనుకనుండి వచ్చు ప్రత్యర్థి రక్షకులకు కనబడదు. "నాది!" యని యొక కేక సకాలమున వినబడినచో ఒకే బంతికై ఇద్దరు పరువెత్తి ఢీకొనరు. ఎంత వేగపు బంతినైనను ఒడిసిపట్టు పిల్లలు ఈ రెండక్షరములు పలుకలేక తడబడుదురు. ఆడదాని గొంతు గడప దాటరాదని యింట విన్నమాట మైదానమున పండ్లు బిగించును.

ఎమ్మిగనూరునుండి వచ్చు పిల్ల యొకతె మాకడ నున్నది. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘమువలన పేరుగాంచిన యూరది. ఆమె తండ్రియు నేతగాడే. నాడె పోకను చిన్ననాటినుండి చూచిన కన్నులగుటచేతనో యేమో, బంతి త్రోవను ఆమె యందరికంటె ముందు కనిపెట్టును. ఒకనాడు మోచేయి గీరుకొని యింటికి పోయినది. మరునాటినుండి ఆటకు రాలేదు. ఆదివారమున మేము బస్సెక్కి ఎమ్మిగనూరు పోయితిమి. తండ్రి మగ్గము దిగకయే యడిగెను: "సారూ, చెయ్యి ఇరిగితే కండెలు సుట్టేదెవురు? రేపు సమ్మందమొస్తే ఈ మచ్చకేమి సెప్పేది?"

మొదటి ప్రశ్న న్యాయమైనది. రెక్కాడిన గాని డొక్కాడని యింట చేయి యనగా తిండియే. కావున మేము మాటలు చాలించి, ఆ పిల్లనే వాకిట చాపమీద పడి చూపుమంటిమి. నాలుగుమారులు పడినది, మోచేయి నేల నంటలేదు. రెండవ ప్రశ్నకు బదులు ఆమెయే చెప్పినది: "మగ్గం గుంతలో కాలు గీరుకున్న మచ్చకేమి సెప్తావో, దీనికీ అదే సెప్పు నాయనా." అతడు నవ్వలేదు. పరీక్షలవరకు మాత్రము అనుమతించెను. మంచి చేతితొడుగులు లేనిదే ఆడింపరాదని షరతు పెట్టెను. ఆ షరతు మాకు మిక్కిలి నచ్చినది.

ఇట్టి శంకలు మన ప్రాంతమునకే చెందినవి కావు. ఈ యాట స్త్రీలకు తగదని ఇంగ్లాండు ఫుట్‌బాలు సంఘము 1921లో తన క్లబ్బుల మైదానములను వారికి మూసివేసెను. ఆ నిషేధము సుమారు 50 ఏండ్లు నిలిచెను. ఆ దేశముననే 2015లో మన అదితి చౌహాన్ వెస్ట్ హామ్ స్త్రీల జట్టున గోలు కాచెను. 2025 జూలైలో చియాంగ్ మాయి నగరమున థాయిలాండును 2-1 గోలులతో గెలిచి మన స్త్రీలు ఆసియా కప్పునకు అర్హత పొందినప్పుడు గోలు కాచినది మణిపురపు పంథోయ్ చాను. ఇవి దూరపు ముచ్చట లందురా? మన పొరుగున అనంతపురములో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి క్రీడాగ్రామమున పల్లె బాలికలు ఈ యాట నేర్చిరి.

మొన్న నొక పోటీలో ఆ ఎమ్మిగనూరు పిల్ల చేతులనుండి బంతి జారి గోలు పడినది. ముందువరుసవారు తప్పినచో క్షణములో మరతురు. గోలు కాచువారి తప్పు లెక్కకెక్కి నిలుచును. గట్టుమీద నెవరో నవ్విరి. ఆమె వలలోని బంతిని తీసి నడుమకు విసరి, తన రక్షకులను పేరుపేరున కేకవేసి వారివారి చోట్ల నిలిపినది. ఆట ఓడితిమి. కాని ఆ పిదప గోలుమీదికి వచ్చిన రెండు బంతులను ఆమె పట్టినది.

"పడ్డవారు చెడ్డవారు కారు" అను సామెతను మన మింతకాలము నోరు మూసికొని సహించువారిని ఊరడించుటకే వాడుకొంటిమి. పడి లేచువారికి దానిని వర్తింపజేయుట మేలు. చదువరులారా! మీ యింట ఆడపిల్ల యేదేని చేజార్చినప్పుడు, పరీక్షలో తప్పినప్పుడు, ఆ మాట నేండ్లతరబడి యెత్తిపొడువకుడు. గోలు పడిన వెంటనే బంతిని నడిమిగీతమీద నుంచి ఆటను మరల మొదలిడుదురు. ఆ నియమము ఇంటను నుండదగినది.