కచేరీ, కెమెరా, పక్కవాద్యం

చీకట్లో ఫొటో అనగానే మనవాళ్ళకి మొదట గుర్తొచ్చేది ఫ్లాష్. కర్ణాటక సంగీత కచేరీలో అది ఒక్కసారి మెరిసిందంటే సభ కార్యదర్శి గారు మనల్ని అట్నుంచటే బయటికి సాగనంపుతారు. సాగనంపాలి కూడా. కళ్ళు మూసుకుని తోడి ఆలాపన చేసుకుంటున్న మనిషి మొహాన ఫెళ్ళున లైటు కొట్టడమంత దుర్మార్గం ఇంకోటుందా? కాబట్టి అక్కడ ఉన్న వెలుతురుతోనే నెట్టుకురావాలి.

నేను వారమంతా కోడు రాసుకుని, శని ఆదివారాలు కెమెరా భుజాన వేసుకుని హైదరాబాదులో కచేరీలకి తిరిగే బాపతు. రవీంద్ర భారతి, సప్తపర్ణి, గుడి మండపాలు, అపార్టుమెంటు క్లబ్ హౌసులు, ఏదైనా సరే. డబ్బులు తీసుకోను. మొదటి వరుస చివర్న ఓ కుర్చీ ఇస్తే చాలు.

ముందు కొంచెం లెక్కలు. ఇంజనీర్లం కదా, లెక్క లేకపోతే మనకి నిద్ర పట్టదు :)

కెమెరాతో పాటు ఇచ్చే 18-55 లెన్సు జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. అదే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సయితే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికొస్తుంది. కొత్త కెమెరా కొనాలని తహతహలాడేవాళ్ళు ముందు ఈ చిన్న లెన్సు కొనుక్కోండి, డబ్బులు మిగుల్తాయి.

ఇక షట్టర్. మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక టకటక చప్పుడు లేకుండా ఫొటోలు తీయొచ్చు. బాగానే ఉంది కానీ, సైలెంట్ షట్టర్ పెట్టగానే కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో అంతా అడ్డంగా చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. చవకరకం లైటు సెకనుకి 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తుంటుంది, మన కంటికి తెలీదంతే. సెన్సారేమో బొమ్మని పైనుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది. ఒక్కో వరసకి ఒక్కో రకం వెలుగు అందుతుంది, అవే చారలు. షట్టర్ 1/100 సెకను పెడితే ప్రతి వరసకీ ఒక పూర్తి చుట్టు వెలుగు దొరుకుతుంది, చారలు మాయం. 1/125 పెడితే మళ్ళీ ప్రత్యక్షం! (వేరే వేగంతో మినుకుమనే స్టేజి లైట్లు కొన్నుంటాయి. వాటి దగ్గర ఈ మంత్రం పారదు.)

సరే, 1/100 కి కట్టుబడ్డాం. ఆ వేగంలో మనిషి తల ఊపితే మొహం అలికేసినట్టు వస్తుంది. పాడేవాళ్ళు తల ఊపకుండా ఉంటారా? ఇక్కడే కెమెరా పని అయిపోయి చెవుల పని మొదలవుతుంది. ఆలాపనలో ఒక స్వరం మీద కార్వై ఇచ్చి నిలిచినప్పుడు గొంతుతో పాటు ఒళ్ళు కూడా ఓ క్షణం నిలుస్తుంది. గమకం దగ్గర నొక్కితే చేతికొచ్చేది మసకే. అలాగే తీర్మానం పూర్తయి ఎడుపులో పడగానే, వేదిక మీద అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు. తాళం లెక్క పెట్టుకుంటూ కూర్చున్నవాడికి ఆ నవ్వు ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది. సెకనుకి పది ఫొటోలు కొట్టే కెమెరా ఉంది కదా అని వేలు అదిమిపెట్టి కూర్చునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. ఇంటికెళ్ళి రెండు వేల ఫొటోల్లో వెతుక్కోవాలి పాపం.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇదంతా కాదు. కచేరీలో వెలుతురు తక్కువ అంటాం గానీ, అది అందరికీ ఒకేలా తక్కువ కాదు. లైటంతా మధ్యలో పాడేవారి మీదే ఉంటుంది. నగరంలోనే ఓ హాల్లో (పేరెందుకులెండి) నేను కొలిచి చూశాను. గాయని మొహానికి ఐఎస్ఓ 1600 సరిపోయింది. అదే లెన్సు, అదే షట్టర్‌తో మృదంగం ఆయనకి 6400 కావాల్సొచ్చింది. అంటే ఆయనకి దక్కింది నాలుగో వంతు వెలుగు. ఇక వెనకాల కూర్చునే ఘటం, మోర్సింగు సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ళకంటే వెనకనున్న ఫ్లెక్సీ మీద స్పాన్సర్ల పేర్లే బాగా వెలుగుతుంటాయి.

కచేరీ అయ్యాక ఆ మృదంగం ఆయన సంచీ సర్దుకుంటూ నా కెమెరా చూసి అడిగారు. "బాబూ, నాదేమన్నా తీశావా? నలభై ఏళ్ళ నుంచి వాయిస్తున్నా, సరైన ఫొటో ఒక్కటి లేదు. ఉన్నవాటిల్లో సగం చెయ్యో, సగం మృదంగమో. మొన్న కరపత్రంలో వేస్తామని అడిగితే పాస్‌పోర్టు ఫొటో ఇచ్చా." ఆయన నవ్వుతూనే చెప్పారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఒక మృదంగ విద్వాంసుడికి మొదటిసారి దక్కింది 1966లో, పాల్ఘాట్ మణి అయ్యర్ గారికి. అంతటివాళ్ళకే అంత ఆలస్యమైతే మామూలు పక్కవాద్యం వాళ్ళని ఎవడు పట్టించుకుంటాడు?

అప్పట్నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. కచేరీకి అరగంట ముందే వెళ్ళి లైట్లాయన్ని పట్టుకుంటాను. "అన్నా, ఆ వంకాయరంగు తీసేసి, పసుపు లైటు కాస్త పక్కలకి తిప్పవా?" అంటే, "మెయిన్ ఆర్టిస్టు మీదే వెయ్యమన్నారు సార్" అంటాడు. బతిమాలితే ఓ జానెడు తిప్పుతాడు. ఆ జానెడే చాలు. మృదంగం వాయించేవారు మనకి ఎడమవైపున, పాడేవారి వైపు తిరిగి కూర్చుంటారు కాబట్టి వాళ్ళ మొహం కావాలంటే నేను హాల్లో కుడివైపుకి జరుగుతాను. అక్కణ్ణుంచి ఫ్లెక్సీ బదులు నల్లటి తెర కూడా వెనకాల పడుతుంది. మైకు మొహానికి అడ్డం రాదు, అదో లాభం.

తని ఆవర్తనం నాకు పండగ. హాల్లో సగం మంది కాఫీకి లేచిపోయే సమయం అదే (వాళ్ళనేమనాలో నాకిప్పటికీ తెలీదు). ఆ హోరులో మెకానికల్ షట్టర్ చప్పుడు ఎవరికీ వినపడదు. చేతివేళ్ళు మసకగా, మొహం స్పష్టంగా వస్తే అంతకంటే కావాల్సిందేముంది? 1/500 పెట్టి వేళ్ళని గడ్డకట్టిస్తే ఆయన మృదంగం మీద ఊరికే చెయ్యి ఆన్చుకుని కూర్చున్నట్టుంటుంది.

6400 లో గింజలు కనిపిస్తాయి, నిజమే. ఈ మధ్య ఏఐ సాఫ్ట్‌వేర్లు ఆ గింజల్ని ఒక్క క్లిక్కుతో తుడిచేస్తున్నాయి. నేనూ వాడి చూశాను. గింజలతో పాటు నుదుటి మీద విభూతి గీతలు, చెమట, గడ్డం మీద నెరిసిన వెంట్రుకలు అన్నీ నున్నగా పోయాయి. డెబ్భై ఏళ్ళాయన పెళ్ళికొడుకులా తయారయ్యారు. వెంటనే ఆపేశాను. గింజలుంటే ఉండనీ.

మృదంగం ఆయనకి ఆ వారమే నాలుగు ఫొటోలు వాట్సాప్‌లో పంపాను. ఒకటి ఆయన డీపీ అయింది. ఘటం ఆయనది మాత్రం ఇంకా దక్కలేదు. పాడేవారి భుజం వెనక, 12800 లో కూడా ఆయన కళ్ళు కనపడవు. వచ్చే పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో మళ్ళీ వాయిస్తున్నారట. 85 ఎంఎం లెన్సు అద్దెకి దొరుకుతుందేమో కనుక్కుంటున్నా.