పాడి ప్రాణి వెల

లోకమున నొక వస్తువునకు వెల కట్టుట యంత కష్టము కాదు. బంగారమును తూచవచ్చును, బట్టను మూరవేయవచ్చును, ధాన్యమును మానికలతో కొలువవచ్చును. తాను నిలిచియుండి, తనవలన మఱియొకటి పుట్టించు దానికి వెల కట్టుటయే కష్టము. పాడిగేదె, పండ్లచెట్టు, చేతిపని నేర్చిన మనుష్యుడు ఈ కోవలోనివారు. అట్టిదానిని చూడగానే "ఎంత యిచ్చును?" అని యడుగుదుము. ఈ ప్రశ్న తప్పు కాదు. కాని యిది మొదట నడుగవలసిన ప్రశ్న కాదని మా యభిప్రాయము. ఈ సంగతిని మాకు మిక్కిలి తేటగా చూపినది ఒక బొమ్మల చీట్ల యాట యనిన చదువరులు నవ్వుదురేమో! నవ్విన పిదపనైన నాలకింతురుగాక.

మా మేనల్లుడు హైదరాబాదున కళాశాలలో చదువుచున్నాడు. గడచిన వేసవి సెలవులలో భద్రాచలపుటడవి యంచున నున్న మా యూరికి వచ్చుచు నొక పెట్టెడు చీట్లు వెంట దెచ్చెను. చీట్లను మాట వినగానే మా యింటి పెద్దలకు పేకాట జ్ఞప్తికి వచ్చెను. ఇది పేకాట కాదు. దీని పేరు 'మ్యాజిక్ ద గ్యాదరింగ్'. రిచర్డు గార్ఫీల్డు అను గణితవేత్త కల్పింపగా 1993లో అమెరికాలో వెలువడినది. ప్రతి యాటగాడును తన యిచ్చవచ్చినట్లు కనీసము 60 చీట్లు కూర్చుకొని, 20 ప్రాణములతో నారంభించి, ఎదుటివాని ప్రాణములను సున్నకు దింపుటకు యత్నించును. చీట్లను మూసిన పొట్లములలో నమ్ముదురు. ఏ పొట్లములో నేది యుండునో కొనువా డెఱుగడు. ఇందు లాటరీ వాసన లేకపోలేదు గనుక తలిదండ్రులు కనిపెట్టి యుండవలెను. ఆటలోని విచారణ మాత్రము మెచ్చదగినది.

ఈ యాటలో ఏ పని చేయుటకైనను 'మానా' యను శక్తిని వెచ్చింపవలెను. మన మానికకును, సంస్కృతపు మానమునకును దీనితో చుట్టఱికము లేదు. ఇది పసిఫిక్ మహాసముద్రపు ద్వీపవాసుల మాట. మనుష్యులయందును వస్తువులయందును నిలుచు నదృశ్యశక్తికి వారు పెట్టిన పేరు. కాడ్రింగ్టను అను క్రైస్తవాచార్యుడు మెలనీషియా జనులనుగూర్చి 1891లో ప్రకటించిన గ్రంథమువలన పండితలోకమున వ్యాపించినది. ఆటలో నీ శక్తి నేలనుండి పుట్టును. మైదానము, ద్వీపము, చిత్తడి, కొండ, అడవి యని నేల లైదు విధములు. వంతున కొక్క నేలను మాత్రమే పఱవవచ్చును. కావున మొదటి వంతున నొక మానా, రెండవ వంతున రెండు, మూడవ వంతున మూడు. ఇట్లు మెట్టు వెంబడి మెట్టుగా నెక్కవలసినదే.

ఈ మెట్లను దాటింపగల ప్రాణులు కొన్ని కలవు. వానిలో 'లానొవార్ ఎల్వ్స్' అను నడవివాసుల చీటి మొదటి కూర్పునుండియు నున్నది. ఒక పచ్చమానా వెచ్చించి దానిని దింపవలెను. దిగిన వంతున నది పనిచేయదు. తరువాతి వంతునుండి వంతున కొక పచ్చమానా నిచ్చుచుండును. బల మొకటి, ఓర్పొకటి. చూపునకు మిక్కిలి బక్కప్రాణి. "మామయ్యా, నా పెట్టె మొత్తంలో నాకు దీనికన్నా విలువైనది లేదు" అని మా మేనల్లుడు చెప్పెను. పంతులమగుటచే మేము మాటను నమ్మక లెక్క వేసి చూచితిమి.

వంతు తప్పక నేల దొరకుచున్నదనుకొందము. నేలలే గలవానికి నాలుగు వంతులు ముగియునప్పటికి పది మానాలు వచ్చును. మొదటి వంతున నీ ప్రాణిని దింపినవానికి, దానికై పెట్టినది తీసివేయగా, పండ్రెండు వచ్చును. లాభము రెండే! ఇంత స్వల్పమునకు నంత పేరేల? లాభము మొత్తములో లేదు, వేళలో నున్నది. మూడవ వంతున రావలసిన వీరుడు రెండవ వంతుననే వచ్చి నిలుచును. ఎదుటివాడు తేఱుకొనులోపల నాట సగము నడచిపోవును. అదే చీటి యెనిమిదవ వంతున చేతికి వచ్చినచో? ఎనిమిది నేలలు గలవానికి తొమ్మిదవ మానా యెందులకు? ఇచ్చునది నాటివలెనే యొక్కటి. వెల మాత్రము పడిపోయినది. పైగా నొకే పేరు చీట్లు నాలుగింటికి మించి కూర్చరాదు. నాలుగును కూర్చినను, మొదట చేతికి వచ్చు నేడు చీట్లలో నొక్కటియైన నుండుట నూటికి సుమారు 40 సారులు మాత్రమే.

'బర్డ్స్ ఆఫ్ ప్యారడైజ్' అను పక్షి యింకను ఘనమైనది. అయిదు వర్ణములలో కోరిన వర్ణపు మానా నిచ్చును. కాని దాని ప్రాణము గాలిలో దీపము. ఒక్క యెఱ్ఱమానాతో మూడు దెబ్బలు కొట్టు పిడుగు చీటి కలదు. పక్షి కనబడగానే పిడుగు వేయవలెనని యాటగాండ్రలో సామెతయే పుట్టినది. ఫలమిచ్చువాని మీదనే పగవాని కన్ను పడునుగదా.

కావున మేము గ్రహించిన దిది. పాడి ప్రాణికి వెల కట్టువాడు మూడు ప్రశ్నలు మొదట నడుగవలెను. ఏ వేళ వచ్చినది? ఎంతకాలము నిలుచును? అది యిచ్చుదానితో సాధింపదగినది చేతిలో నున్నదా? ఎంత యిచ్చుననునది నాలుగవ ప్రశ్న. మూడవది యన్నిటికంటె ముఖ్యము. చేతిలో పెద్ద చీటి యొకటైన లేనివానికి రెండవ వంతున మూడు మానాలు వచ్చిననేమి, ముప్పది వచ్చిననేమి?

మన్యపు సంతలో గేదెను కొను వృద్ధులు చీట్లాట నెఱుగకయే యీ శాస్త్రము నెఱుగుదురు. పాలెన్ని యని యడుగుటకు ముందు "ఎన్నో ఈత?" అని యడుగుదురు. ఈనిన పిమ్మట సుమారు పది నెలలు పాడి, పిదప వట్టిపోవును, వట్టి నెలలలోను మేత తప్పదు. రెండవ యీత గేదెయు, ఎనిమిదవ యీత గేదెయు నేడు చెంబు నొక్కరీతినే నింపవచ్చును. వెల యొక్కటి కాదు. కోయలు పోడు కొట్టునపుడు సయితము ఇప్పచెట్టును గొడ్డలికి విడువరు. చేలలో పనిలేని యెండకాలమున నది పూవు రాల్చును. పూవు ముగిసిన పిదప గింజ నిచ్చును, గింజనుండి నూనె వచ్చును. వేళకు వచ్చుటయే దాని ఘనత. ఇక మూడవ ప్రశ్న యిచ్చటను తప్పదు. ఆ పూవు పైకము సారాయికి పోయినచో, చెట్టెంత పూచినను నింటికి మిగులునదేమి?

ఇంతవరకు వినోదమే. ఇక మా బడి మాట. ఖమ్మము ప్రాంతమున మిరపతోటలు కాయకు వచ్చినప్పుడు మా తరగతులలో బల్లలు ఖాళీ యగును. ఒక యేడు ఎనిమిదవ తరగతి బాలిక పది దినములు రాకపోగా మేము వారి యింటికి పోయితిమి. తండ్రి మంచివాడు; మంచము వాల్చి కూర్చుండబెట్టి యిట్లనెను: "బడి యాడికి పోతది సారూ? ఏడాదంతా ఉంటది. కాయ రెండు నెలలే గద."

ఈ మాటలో లెక్క లేకపోలేదు, లెక్క తలక్రిందైనది. కాయ యేరు కూలి పండ్రెండేండ్లకును దొరకును, ఇరువదేండ్లకును దొరకును, నలువదేండ్లకును దొరకును. ఎనిమిదవ తరగతి యట్లు కాదు. అది మొదటి వంతులలో దింపవలసిన చీటి. కాలము దాటినచో నక్షరములవియే యైనను వాని ఫలము వేఱు. కాని యాతనిని నిందించి లేచివచ్చుట న్యాయము కాదని మాకు తోచినది. చదివించినచో నా చదువుతో నేమి సాధింపవచ్చునో యాతడు చూచి యెఱుగడు. దగ్గఱ నున్నత పాఠశాల లేదు; ఆ వాడలో చదివి స్థిరపడిన యాడుపిల్ల లేదు. మూడవ ప్రశ్నకు బదులు లేనివాడు నేటి కూలినే చూచును. ఆ బదులు నాతని చేతి కందించుట చదువుకొన్న మన పని. వసతితో బాలికలకు చదువు చెప్పు కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయముల పథకము 2004లో నారంభమైనదనియు, తిండి బట్ట పుస్తకములు నచ్చటనే యిత్తురనియు మే మాతనికి వివరించితిమి. ఆ బాలిక సంవత్సర పరీక్షకు వచ్చినది. తరువాతి మాట తండ్రి యింకను తేల్చలేదు.

ఆట పోలిక యిచ్చటితో ముగియవలెను. ఆటలో నా యడవివాసి యాటగాని సొత్తు. అవసరమైనపుడు వానిని బలి యిచ్చి పైచేయి సంపాదింపవచ్చును, ఎవ్వరును తప్పుపట్టరు. బిడ్డ యొకరి చేతిలోని చీటి కాదు. ఈ మాట మిరపతోటకు పంపు పేదతండ్రికంటె, మన్యమునుండి చిన్నపిల్లను దెచ్చి యంట్లు తోమించుకొను పట్టణపు గృహస్థునకు నెక్కువగా చెప్పవలసియున్నది. పదునాలుగేండ్లు నిండని వారిని ఏ పనిలోను జీతమునకు పెట్టుకొనరాదని 2016లో సవరించిన చట్టము నిషేధించుచున్నది. "మా యింట కడుపునిండ తినుచున్నదిగదా" యని యందురు. అమ్మా, ఆ పిల్ల మీ కిచ్చుచున్నది ప్రతిదినము రెండు గంటల విశ్రాంతి. మీ కిచ్చుటకై యది పోగొట్టుకొనుచున్నది తన మొదటి వంతులు. ఆ వంతులు తిరిగి రావు. మీ యింట నట్టి బిడ్డ యున్నచో, ఈ సంచిక మడిచిపెట్టి, బడులు తెఱచు దినమెన్నడో విచారింపుడు.