మహేంద్రగిరి మీద పొద్దు

బెంగళూరులో ఉండే మాలాంటి వాళ్ళు సూర్యోదయం చూడాలంటే గండికోటకి వెళ్తారు. శుక్రవారం రాత్రి బయల్దేరి, తెల్లారేసరికి పెన్నా నది కోసుకుపోయిన ఆ గండి అంచున కూర్చుని, ఫోటోలు తీసుకుని, ఆదివారానికి ఇల్లు చేరతారు. ఈ సంక్రాంతి సెలవులకి మేమూ అదే అనుకున్నాం. గది కూడా చూసిపెట్టుకున్నాం. నాన్న విని, "పొద్దు చూడ్డానికి అంత దూరం ఎందుకు, మన మహేంద్రగిరి లేదా?" అన్నారు. బెంగళూరు నుంచి గండికోట ఒక్క రాత్రి ప్రయాణం. బరంపురం చేరాలంటేనే రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అయినా నాన్నకి దూరం అంటే బరంపురం నుంచే లెక్క. ఊరు వదిలి నలభై ఏళ్ళు దాటినా కొలత మాత్రం అక్కడినుంచే.

మా సంగతి తెలియని వాళ్ళకి ఒక ముక్క. మాది బరంపురంలో మగ్గాల ఇల్లు. తాతగారి దాకా పట్టు నేసినవాళ్ళే. నాన్న దావణగెరెలో మిల్లు ఉద్యోగానికి వచ్చి అక్కడే ఉండిపోయారు. మా చదువంతా కన్నడ మీడియం. తెలుగు ఇంట్లో విన్నదే కానీ బళ్ళో నేర్చింది కాదు. అక్షరాలు కూడా కన్నడం మీదుగానే పట్టుకున్నాం. అడ్డగీత ఉన్నచోట తలకట్టు పెట్టుకుంటే సగం పని అయిపోతుంది. మిగతా సగం ఇప్పటికీ అవలేదని ఇది చదివేవాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది.

నిజం చెప్పాలంటే మేం బరంపురం ప్రయాణానికి ఒప్పుకున్నది సూర్యోదయం కోసం కాదు. సంచిలో కాగితాలు ఉన్నాయి. బరంపురం ఇల్లు అమ్మడానికి పెదనాన్నగారి ఒప్పుదల కావాలి. బెంగళూరులో ఫ్లాటుకి అడ్వాన్సు కట్టేశాం, మిగతాది ఆ ఇంట్లో నాన్న వాటా వస్తుందన్న ధైర్యం మీదే. ఎనిమిదేళ్ళ కిందట నాయనమ్మ పెద్దకర్మ రోజున ఆ ఇంటి గురించే అన్నదమ్ములకి మాట పడింది. ఎవరు ఏమన్నారో ఇప్పుడు రాయడం అనవసరం. అప్పట్నుంచి ఫోన్లు మా తరం వాళ్ళ మధ్యే. వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎక్కడ తప్పు జరగొచ్చో ముందే రాసిపెట్టుకోవడం అలవాటు. రైల్లో కూర్చుని అలాగే అన్నీ ఆలోచించుకున్నాం. పెదనాన్న వద్దంటే ఏం చెయ్యాలి, కోప్పడితే ఎవరు మాట్లాడాలి, వాటా ఎక్కువ అడిగితే ఎంతవరకు వెళ్ళాలి.

బరంపురం స్టేషన్లో పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, బండి తీసుకొచ్చాడు. ఇంటి గుమ్మంలో పెదనాన్న నిలబడి ఉన్నారు. "ఒచ్చీసినారా? బేగి రండి, సల్లగాలి" అన్నారు మమ్మల్ని చూసి. నాన్న వైపు చూసి తలూపారు, అంతే.

ఆ 'బేగి' అన్న మాట దగ్గర మేం ఆగిపోయాం. దావణగెరెలో నాన్న "బేగి రండి, బేగి తినండి" అంటుంటే, అది కన్నడంలోని 'బేగ' అనీ, ఊరు నీళ్ళు తాగి ఆయనకి అంటుకుందనీ ఇన్నాళ్ళూ అనుకున్నాం. మేమేమో దాన్ని సరిదిద్ది 'త్వరగా' అనేవాళ్ళం. తీరా చూస్తే శ్రీకాకుళం, బరంపురం వైపు అందరూ అనేది అదే. మా ఇంట్లో మిగిలిన అసలైన ఊరి మాటని తప్పని కొట్టేసింది మేమే.

పిల్లలది ఇంకో తమాషా. అన్నయ్య కూతురికి స్కూల్లో ఒడియా, ఇంగ్లీషు. మా పాపకి కన్నడం, ఇంగ్లీషు. కాసేపు ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడుకున్నారు. రాత్రి అప్పడాల డబ్బా దగ్గర దెబ్బలాట వచ్చేసరికి ఇద్దరూ తెలుగులోకి దిగారు. బరంపురం అప్పడాలు అలాంటివి మరి.

మర్నాడు పర్లాకిమిడికి వెళ్ళి రాత్రి అక్కడ ఉన్నాం. మహేంద్రగిరి ఇప్పుడు గజపతి జిల్లాలో ఉంది. 1992లో గంజాం నుంచి విడదీసి ఆ జిల్లా చేశారు. పెదనాన్న మాత్రం ఇప్పటికీ అంతా గంజామే అంటారు. ఆయన చిన్నప్పుడు విన్న కబుర్లన్నీ ఇంకా వెనకటివి, గంజాం మద్రాసు కింద ఉన్న కాలంవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్ళాయి. పర్లాకిమిడిలో ఏళ్ళ తరబడి ఉండి, సవరల భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గారు ఆ విభజన నచ్చక ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మనుషులు మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా కొట్లాడిన మనిషి ఆయన. 'బేగి' సంగతి తెలిస్తే మమ్మల్ని గట్టిగానే తిట్టి ఉండేవారు.

తెల్లవారుజామున మూడింటికి లేచాం. చీకట్లో ఘాటు రోడ్డు, బండి అద్దాల నిండా మంచు. కొండ ఎత్తు 1,501 మీటర్లు. తాతగారి కాలంలో శివరాత్రికి కింద నుంచీ నడిచే ఎక్కేవారట. పెదనాన్నకి ఎనిమిదేళ్ళప్పుడు తాతగారు వెంట తీసుకెళ్ళారు. నాన్నకి అప్పుడు మూడేళ్ళు, ఇంట్లో వదిలేశారు. ఆ ఏడుపు నాన్నకి గుర్తులేదు కానీ, తనని వదిలేశారన్న మాట మాత్రం గుర్తుంది. డెబ్బై ఏళ్ళ మనిషికి మహేంద్రగిరి ఎందుకు అంతగా పట్టుకుందో మాకు ఆ బండిలోనే తెలిసింది.

బండి ఆగిన చోటు నుంచి పైకి నడవాలి. గాలి చెవులు కోసేస్తోంది. కాస్త దూరం వెళ్ళగానే పెదనాన్న ఒక రాయి మీద కూర్చుండిపోయారు. మోకాళ్ళు. "నానెక్కలేనురా. మీరెల్లండి, గుంటల్ని జాగర్త. బేగి ఎల్లండి, పొద్దు పొడిచేస్తది" అన్నారు. అన్నయ్య ఉండిపోతానన్నాడు. అప్పుడు నాన్న, ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆయనతో నేరుగా, "నానుంటాను అన్నియ్యా" అన్నారు. మాతో ఎప్పుడూ వాడని గొంతు అది. ఆ కొండ ఎక్కాలని ఇంత దూరం మమ్మల్ని లాక్కొచ్చిన మనిషి అక్కడే ఆయన పక్కన కూర్చున్నారు.

మేం పైకి వెళ్ళాం. పాండవుల పేర్లతో గుళ్ళున్నాయి. అందరికన్నా పైన ఉన్నది భీముడి గుడి, పెద్ద పెద్ద బండలు పేర్చినట్టు చిన్నది. కింద కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి. వెయ్యేళ్ళ కిందట రాజేంద్ర చోళుడి సైన్యం ఇటు వచ్చిన గుర్తుగా సంస్కృతంలో, తమిళంలో శాసనం కూడా ఈ కొండ మీదే ఉంది.

ముందు తూర్పంతా బూడిద రంగు మేఘం. ఏమీ కనిపించదని పిల్లలు అలిగారు. ఆరున్నర దగ్గర పడుతుండగా మేఘం కింద ఒక సన్నని గీత మెరిసింది. సముద్రం. అంత దూరంగా ఉన్నది సముద్రమని నమ్మడానికి కాస్త టైం పట్టింది. దాని మీద ఎర్రగా ఒక అంచు లేచి, మళ్ళీ మేఘంలోకి పోయి, ఈసారి పైన పూర్తిగా వచ్చింది. మా కాళ్ళ కింద లోయల నిండా మంచు, మజ్జిగ పోసినట్టు. ఫోటోల్లో ఇదేమీ పడలేదు.

దిగి వచ్చేసరికి నాన్న మఫ్లర్ పెదనాన్న తలకి ఉంది. ఇద్దరూ ఒకే శాలువ కింద కూర్చున్నారు. వాళ్ళున్న చోటికి పొద్దు కనిపించదు, కొండ అడ్డం. ఏం మాట్లాడుకున్నారో మేం అడగలేదు.

పెద్దవాళ్ళని బండిలో కిందకి పంపి, మేం పిల్లలతో కొండ పక్కన లోయలోకి దిగాం. దారి చూపడానికి ఊళ్ళో సవర కుర్రాడు ఒకడు వచ్చాడు. రెండు గట్ల మధ్య ఇరుకు దారి, అడుగున గెడ్డ. మేం 'హళ్ళ' అంటే అన్నయ్య కూతురు "హళ్ళ ఏటి, గెడ్డ" అని దిద్దింది. రాళ్ళు నాచుపట్టి జారుతున్నాయి. మా పాప ఒకచోట మోకాల్లోతు నీళ్ళలో కూలబడింది, ఏడవలేదు, అక్క చూస్తోందని. దిగడం గంట, ఎక్కడం రెండు గంటలు. బెంగళూరులో కుర్చీలకి అంటుకుపోయిన కాళ్ళు మావి, సవర కుర్రాడు నాలుగు సార్లు ఆగి మాకోసం చూశాడు.

నీళ్ళ దగ్గర అన్నయ్య ఒక సంగతి చెప్పాడు. మహేంద్రతనయ అన్న పేరుతో ఇక్కడినుంచి రెండు ఏళ్ళు పారుతున్నాయట. ఒకటి పర్లాకిమిడి వైపు వెళ్ళి వంశధారలో కలుస్తుంది, ఇంకోటి మందస, సోంపేట మీదుగా పోయి బారువ దగ్గర నేరుగా సముద్రంలో పడుతుంది. మేం దిగిన గెడ్డ వీటిలో దేనిలో కలుస్తుందని పాప అడిగింది. వాడికీ తెలీలేదు.

మధ్యాహ్నం తిరుగుదారిలో టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు పెదనాన్నే అడిగారు, "కాగితాలు తెచ్చినారు కదా, ఇయ్యండి" అని. మాకు టీ గొంతు దిగలేదు. తెలిసే వచ్చారన్నమాట. కళ్ళజోడు పెట్టుకుని ఒడియాలో ఉన్నదంతా చదివి, నాన్న కోసం ఒక్కో వరసా తెలుగులో చెప్పారు. తప్పులు పట్టలేదు, వాటా మీద మాట అనలేదు. కాగితం మడిచి ఇలా అన్నారు: "సంతకం ఎడతాను. వచ్చే జాతర దాకా ఆగండి."

బరంపురంలో బుఢీ ఠాకురాణీ జాతర రెండేళ్ళకోసారి. అమ్మవారు మన నేతవాళ్ళ ఆడపడుచు, జాతరకి దేశిబెహెరా వీధిలో పుట్టింటికి వస్తుంది. రాత్రిళ్ళు ఘటాలు వీధులు తిరుగుతాయి. నాయనమ్మ ఉన్నంతకాలం గుమ్మంలో నీళ్ళబిందెతో నిలబడేది. ఆవిడ పోయాక పెద్దమ్మ నిలబడింది, ఇప్పుడు పెద్దమ్మా లేదు. ఇంకొక్కసారి ఆ గుమ్మంలో ఘటం ఆగితే చాలట. నిరుడే జాతర అయింది. అంటే మళ్ళీ వచ్చే ఏడాది.

మేం రైల్లో అన్నీ ఆలోచించుకున్నాం కానీ ఇది ఆలోచించలేదు. నాన్న మావైపు చూడకుండానే "అలాగే అన్నియ్యా" అన్నారు. ఫ్లాటు సంగతి ఆయనకి తెలుసు.

తిరుగు రైల్లో మేమిద్దరం విజయనగరం దాకా మాట్లాడుకోలేదు. కోపం లేదని చెప్పలేం. కాగితాలు ఇప్పుడు మా బీరువాలో ఉన్నాయి. బిల్డరుకి ఏప్రిల్‌లో రెండో వాయిదా కట్టాలి, ఎలాగన్నది ఇంకా తేల్చుకోలేదు. నాన్న మాత్రం ఆదివారం ఆదివారం బరంపురానికి ఫోన్ చేస్తున్నారు, జాతరకి టికెట్లు ఎప్పుడు తియ్యాలో కనుక్కోడానికి.