ఆ తెల్ల ట్యాంకు నిప్పులో ఎన్ని నిమిషాలు నిలుస్తుంది?



పోయిన నెల చింతామణిలో మన సర్వసభ్య సమావేశానికి వచ్చినవాళ్లకు జ్ఞాపకం ఉంటుంది. కల్యాణ మంటపం వెనక వంటవాళ్లు మూడు పొయ్యిలు వెలిగించారు. వాటికి పదడుగుల దూరంలో ఒక పికప్ బండి. బండి మీద ఇనుప కమ్మీల బోనులో రెండు తెల్ల ట్యాంకులు, ఒక్కొక్కటి 1000 లీటర్లు, నిండా డీజిల్. బండి తీయమని మేము అడిగితే ఓనరు నవ్వేశాడు. మన పిల్లవాడే, మాకు మేనల్లుడి వరస. "మామా, ఇది ఇనుము కాదు, పేలదు. రైల్వేలో ఉండి ఉండి మీకు అన్నిటికీ భయమే" అన్నాడు. నలుగురూ నవ్వారు. భోజనాలయ్యేదాకా బండి అక్కడే ఉంది.

ఆ రోజు మేము సరిగ్గా జవాబు చెప్పలేకపోయాము. ఇప్పుడు రాస్తున్నాము, కాస్త పొడుగవుతుంది. మేము చదివింది అరవ బడి. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక ఇంటావిడ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

ముందు ఆ పిల్లవాడి వైపు న్యాయం చెప్పాలి. బాగేపల్లికి రైలు లేదు. బోర్‌వెల్ లారీలకు, జేసీబీలకు, క్రషర్లకు డీజిల్ ఎవరో ఒకరు బండి మీద తీసుకెళ్లాల్సిందే. ఇనుము బరువు ఏమిటో గూడ్సు ఆఫీసులో పనిచేసినవాళ్లకు తెలుసు. నూనె మోసే బీటీపీఎన్ వ్యాగన్ ఖాళీగానే 27 టన్నులుంటుంది. అది మోసే సరుకు 54 టన్నులు. అంటే రెండు టన్నుల నూనెకు ఒక టన్ను ఇనుము ఊరికే తిరుగుతుంది. ట్యాంకు తేలికైతే అంత సరుకు ఎక్కువ పడుతుంది. తేలికగా ఉండడం తప్పు కాదు.

"పేలదు" అన్నది కూడా సగం నిజమే. మూత బిగించిన ఇనుప పీపా మంటలో పడితే లోపల ఒత్తిడి పెరిగి బాంబులా పేలుతుంది. తెల్ల ట్యాంకు అలా కాదు, కరుగుతుంది. దాని లోపలి ప్లాస్టిక్ సుమారు 130 డిగ్రీలకే కరిగిపోయే రకం. నూనె తగులుతున్న గోడను నూనె కాసేపు చల్లగా ఉంచుతుంది గానీ, అడుగున ఉండే ప్లాస్టిక్ వాల్వును ఎవరు కాపాడతారు? అది పోతే 1000 లీటర్లూ నేల మీదే. బ్రిటన్‌లో హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ వాళ్లు ఇలాంటివాటికి నిప్పు పెట్టి చూశారు. చిన్న మంటకే అంటుకుని నిమిషాల్లో కారిపోయాయి. డీజిల్ అగ్గిపుల్లకు అంటుకోదంటారు, నిజమే. మండుతున్న ప్లాస్టిక్ మీద కారే డీజిల్ సంగతి వేరు.

అలాగని ఇనుము కానిదంతా ఒకటే అనుకోకండి. గాజు నారను రెసిన్‌తో పొరలు పొరలుగా అతికించి చేసే కాంపోజిట్ ట్యాంకులు ఉన్నాయి. మంట తగిలితే పై పొరలో రెసిన్ మండి, నల్ల పొగ వస్తుంది. కానీ గాజు నార మిగిలి, కాలిన పొర లోపలి పొరకు దుప్పటిలా అడ్డు నిలుస్తుంది. వేడి మెల్లగా దిగుతుంది. యూరోపు రోడ్ల మీద ప్రమాదకర సరుకుకు ఏడీఆర్ నియమాలున్నాయి. వాటి ప్రకారం అలాంటి ట్యాంకు నమూనాను 80 శాతం నీళ్లతో నింపి, కింద నూనె మడుగు పెట్టి, చుట్టూ మంటలు కమ్మేటట్టు 30 నిమిషాలు కాల్చాలి. చుక్కలు పడితే పడవచ్చు, అంతకు మించి కారకూడదు. 30 నిమిషాలంటే జనం దూరం వెళ్లడానికి, ఫైరింజను రావడానికి సమయం.

మన దగ్గర పెట్రోలియం చట్టం 1934ది. డీజిల్ బి తరగతి. 1000 లీటర్లు మించని పాత్రల్లో మొత్తం 2500 లీటర్ల వరకు లైసెన్సు అక్కర్లేదు. మా మేనల్లుడు రెండే ట్యాంకులు ఎందుకు పెట్టుకున్నాడో ఇప్పుడు అర్థమైందా? ఆ సడలింపు లీటర్లు లెక్కపెడుతుంది, నిమిషాలు కాదు.

నిమిషాలంటే ఏమిటో మన రోడ్డుకు తెలుసు. 2013 అక్టోబర్ 30న బెంగళూరు నుంచి హైదరాబాదుకు బయల్దేరిన బస్సు పాలెం దగ్గర కల్వర్టును కొట్టుకుంది. డీజిల్ ట్యాంకు పగిలి బస్సంతా కాలిపోయి 45 మంది పోయారు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా వెళ్లే హైవే మీదే అది జరిగింది. 2023 అక్టోబర్ 26న పొద్దున చిక్కబళ్లాపురం దగ్గర ఆగి ఉన్న ట్యాంకర్‌ను సుమో కొట్టి 13 మంది పోయారు. అక్కడ నిప్పు రాలేదు. ఆ ఆగిన బండి మీద కమ్మీల బోనులో డీజిల్ ఉండి ఉంటే? మాకు ఆ ఆలోచన ఇంకా పోలేదు.

పోయిన ఆదివారం బాగేపల్లికి వాళ్లింటికి వెళ్లాము. కాఫీ తాగాక "ట్యాంకు మీద రేకు చూపించయ్యా" అన్నాము. వ్యాగన్ మీద రాతలు చదివిన అలవాటు. 31హెచ్‌ఏ1 అని ఉంది, పక్కన నెల, సంవత్సరం: 03 17. ప్రమాదకర ద్రవాలకు ఆ ప్లాస్టిక్‌ను తయారైన నాటి నుంచి 5 ఏళ్లే వాడాలని ఐక్యరాజ్యసమితి సిఫారసుల్లో ఉంది. అతను బెంగళూరు గుజరీ అంగడిలో కొన్నాడట. "ముందు ఇందులో ఏముండేది?" అంటే "తెలీదు మామా, కడిగిచ్చినారు" అన్నాడు. ఆ బండిలోనే పొద్దున్నే కూతుర్ని బడికి దింపుతాడు.

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఇనుప ట్యాంకు చేయించాలంటే ఎంతవుతుందని అడిగాడు. బండి కంతులు ఇంకా రెండేళ్లున్నాయి. ప్రస్తుతానికి ఒక ట్యాంకు దించి తోటలో నీళ్లకు పెడతానన్నాడు. ముందు ఏముండేదో తెలియనిది, ఆవులకు ఆ నీళ్లు పెట్టొద్దని చెప్పి వచ్చాము. రెండోది ఇంకా బండి మీదే ఉంది.

కార్యదర్శిగారికి ఒక విన్నపం. వచ్చే సమావేశం చిక్కబళ్లాపురంలో కదా. బండ్లు నిలిపే చోటు వంటపందిరికి దూరంగా, రోడ్డు వైపు పెట్టించండి. ఎవరి బండిలో ఏముందో గేటు దగ్గర అడగడానికి మేము కూర్చుంటాము.