కాటా చెప్పని కబురు

మనలో చాలామందికి బరువు చూసుకునే కాటా అంటే అత్తగారి కంటే ఎక్కువ భయం! అంకె అరకిలో తగ్గితే ఆ రోజంతా పండగే. అరకిలో పెరిగిందా, మధ్యాహ్నం అన్నం మానేస్తాం. కానీ ఆ అంకె చెప్పేది సగం సంగతేననీ, మిగతా సగం మన నడుం చుట్టూ ఉందనీ ఎప్పుడైనా ఆలోచించారా?

మేముండేది నానక్‌రామ్‌గూడలో. ఎటు చూసినా అద్దాల మేడలూ, ఆఫీసులూనూ. 2023లో ఇక్కడి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కూడా వచ్చింది. కుర్రకారు సైకిళ్ళ మీద రయ్యిన వెళుతుంటే ముచ్చటేస్తుంది. మన సంగతి వేరు కదా! వంటిల్లు, లిఫ్టు, సోఫా... ఇంతే మన తిరుగుడు.

నలభై నాలుగో ఏట రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగరు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా జబ్బుకి ముందు మెట్టు, 6.5 చేరితే జబ్బే అని లెక్క. మా అమ్మ పదిహేనేళ్ళపాటు రోజూ ఇన్సులిన్ పొడుచుకోవడం కళ్ళారా చూసినదాన్ని. ఆ మాట వినగానే గుండె జారిపోయింది. నడకతో పాటు కండకి పని చెప్పే వ్యాయామం కూడా చెయ్యమన్నారు డాక్టరుగారు.

మూడు నెలలు విడవకుండా చేశాను. 68 కిలోల నుంచి 67కి వచ్చాను. అంతే! "ఏంటి వదినా, ఇంత కష్టపడ్డా ఉన్నట్టే ఉన్నావు?" అంది మా ఆడపడుచు. నేను నవ్వి టేపు తీసి చూపించాను. నడుం 91 సెంటీమీటర్ల నుంచి 87కి దిగింది. షుగరు 5.8కి వచ్చింది. ఒక్క కిలోకే ఇంత మార్పా అని ఆశ్చర్యపోయింది.

అసలు కిటుకు అక్కడే ఉంది. కొవ్వు కంటే కండ బరువెక్కువ అంటుంటారు. కిలో కండైనా, కిలో కొవ్వైనా కిలోనే కదండీ! తేడా అంతా అవి ఆక్రమించే చోటులో ఉంది. మీ వంటింట్లో లీటరు నూనె ప్యాకెట్టు ఉంటే దాని మీద అచ్చేసింది చదవండి. సాధారణంగా 910 గ్రాములని ఉంటుంది. లీటరు నీళ్ళేమో కిలో. అందుకే చారులో నెయ్యి వేస్తే పైకి తేలుతుంది. మన ఒంట్లో కొవ్వూ అలాంటిదే, లీటరుకి సుమారు 900 గ్రాములు. కండైతే దాదాపు 1,060 గ్రాములు తూగుతుంది. రెండు కిలోల కొవ్వు కరిగి, కిలో కండ పెరిగిందనుకోండి. నడుం తగ్గుతుంది, జాకెట్టు వదులవుతుంది. కాటా మాత్రం ఒక్క కిలోయే చూపిస్తుంది!

పైగా కండ ఊరికే ఉండేది కాదు. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరితే, అందులో ఎక్కువ భాగాన్ని లాక్కుని దాచుకునేది కండే. షుగరు భయం ఉన్నవాళ్ళకి కండే పెట్టని కోట.

ఇక దీనికి తిరగబడ్డ కథ వినండి. మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ పళ్ళరసాలతోనే నెల రోజులు గడిపి ఏడు కిలోలు తగ్గింది. అందరూ ఆహా అన్నారు. కానీ తర్వాత ఆవిడ కింద కూర్చుంటే చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోయేది. కడుపు మాడ్చుకుంటే మొదట పోయేది చాలావరకు నీరు. ఆపైన కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. నలభై దాటిన మనకి కండ ఎటూ మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. ఉన్నదీ పోగొట్టుకుంటే ఎలా?

సన్నగా ఉన్నవాళ్ళూ నిశ్చింతగా ఉండక్కర్లేదు. 2004లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో వేశారు. ఎత్తుకి తగ్గ బరువు లెక్కలో ఇద్దరికీ 22.3 వచ్చింది. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! బరువు తక్కువున్నా పొట్ట దగ్గర కొవ్వు చేరడం మన భారతీయుల్లో ఎక్కువ. అందుకే మన ఆడవాళ్ళకి నడుం కొలత 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటకూడదంటారు.

మరి ఏం చెయ్యాలి? కాటా వారానికి ఒక్కసారే ఎక్కండి, పొద్దున్నే ఏమీ తినకముందు. ముందురోజు ఆవకాయ ఎక్కువ తిన్నా, నెలసరి దగ్గరపడినా నీరు చేరి కిలో పెరిగినట్టు కనిపిస్తుంది. అది కొవ్వు కాదు. పదిహేను రోజులకోసారి టైలరు టేపుతో కొలుచుకోండి. చివరి పక్కటెముకకీ, తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలి చూడాలి. పొట్ట బిగబట్టి కొలిస్తే ఎవర్ని మోసం చేసినట్టు చెప్పండి! లంగా బొందు ముడి ఎక్కడికొచ్చిందో కూడా గమనించండి.

వారానికి రెండు మూడుసార్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడని రెండు చేతులతో నెట్టండి. లీటరు నీళ్ళ సీసాలు రెండు పట్టుకుని ఎత్తి దించండి. ఖర్చేమీ లేదు. మోకాళ్ళ నొప్పులు, బి.పి. ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగాకే మొదలెట్టండి.

తిండి మాటకొస్తే, పిల్లలకీ, ఆయనకీ పెట్టాక అడుగున మిగిలిన నీళ్ళపప్పుతో సరిపెట్టుకోకండి. కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలన్నది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా, ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. పెరుగు, శనగలు, పల్లీలు ఉండనే ఉన్నాయి. కండ కోసం డబ్బాల్లో అమ్మే ప్రొటీన్ పొడులు వద్దని ఆ సంస్థే 2024 సూచనల్లో చెప్పింది.

కాబట్టి అక్కలూ, చెల్లెళ్ళూ! ఈసారి అంకె కదల్లేదని దిగులుపడి నడక మానెయ్యకండి. టేపు తీసి చూడండి. రేపు మనవల్ని ఎత్తుకోవాలన్నా, ఎవరి సాయం లేకుండా నాలుగు మెట్లెక్కాలన్నా మనకి కావాల్సింది కండబలమే కదా, ఏమంటారు?