వెండి నాణెముపై తొండల గద్ద

గత వేసవిలో మేము బాపట్ల వెళ్ళినప్పుడు, నాణెములు సేకరించు మిత్రుడొకడు మా అరచేతిలో ఒక వెండి నాణెము ఉంచినాడు. ఒక వైపు ఎలిజబెత్ రాణి, రెండవ వైపు ఒక గద్ద. 1975లో మారిషస్ దేశము ప్రపంచ వన్యప్రాణి నిధికై వెలువరించిన యాభై రూపాయల నాణెమది. 19వ శతాబ్దిలో మన తెలుగువారు కూలీలుగా వెళ్ళి స్థిరపడిన దీవి కదా అని మరింత ఆసక్తితో చూచినాము. ఉర్దూ కవిత్వపు అలవాటు కొద్దీ "షాహీన్!" అన్నాము. మిత్రుడు నవ్వి, "కాదు మాస్టారూ, మన తొండల గద్దకు దాయాది" అన్నాడు. ఇక్బాల్ గారి షాహీన్ కొండకొమ్ములపై వసించునది. ఇది చెట్లపై బల్లులను పట్టి బ్రతుకు పక్షి.

అడవులు నరుకుట వలనను, మలేరియా దోమలకై చల్లిన డి.డి.టి. వలనను 1974 నాటికి ఆ జాతిలో మిగిలినట్లు తెలిసినవి నాలుగే పక్షులు. తరువాత కార్ల్ జోన్స్ అను శాస్త్రజ్ఞుడు గూళ్ళ నుండి గ్రుడ్లు తెచ్చి, పొదిగించి, పిల్లలను పెంచి అడవిలో విడిచినాడు. నేడవి వందల సంఖ్యలో ఉన్నవి.

"మన వైపు ఇటువంటి పక్షి ఏది?" అని మిత్రుడడిగినాడు. మాకు నోట మాట రాలేదు. తెలుగు ఎం.ఏ. చదివి, హంసలను గూర్చి, చకోరములను గూర్చి గంటల తరబడి పాఠము చెప్పు మాకు కలివికోడి పేరైనను తెలియదు! అతడే చెప్పినాడు. 1900 తరువాత కనబడక అంతరించినదనుకొన్న ఆ పక్షి, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, రాత్రివేళ ఐతన్న అను వేటగానికి చిక్కినది. వెదకుచున్న పరిశోధకులకు దానిని చూపినవాడతడే. చిక్కిన పక్షి మాత్రము బ్రతుకలేదు. 1988లో దాని బొమ్మతో తపాలాబిళ్ళ వచ్చినది. వెల ఒక రూపాయి.

తెనాలిలో దిగి రేపల్లె రైలెక్కినాము. దారిపొడవునా చిన్ననాటి సంగతి ఒకటి మనసులో మెదలినది. అబ్బాజాన్ ఒకనాడు వలగాని వద్ద కౌజుపిట్టలు కొనితెచ్చినారు. అందులో ఒకదానిని మేము కూరకు ఇయ్యక అట్టపెట్టెలో దాచినాము. తెల్లవారి చూడగా చచ్చిపడి ఉన్నది. ఏడ్చుచున్న మమ్ము దగ్గరకు తీసికొని, "పోనీలే బేటా, పది రూపాయలే కదా" అన్నారు ఆయన.

కళాశాల తెరచిన వారములో నల్లబల్లపై 'కలివికోడి' అని వ్రాసినాము. వెనుక వరుస నుండి ఎవరో, "కిలో ఎంత సార్?" అన్నారు. తరగతియంతయు నవ్వినది. మేమును నవ్వబోయి, ఆ అట్టపెట్టె జ్ఞప్తికి వచ్చి ఆగిపోయినాము.