మహేబూర్‌లో ఒక పాత ఇల్లు

మారిషస్ ఆగ్నేయ తీరాన, మహేబూర్‌లో చెట్ల నీడన ఉన్న ఆ పాత ఫ్రెంచి బంగళా ఇప్పుడు మ్యూజియం. 1810 ఆగస్టులో గ్రాండ్ పోర్ట్ అఖాతంలో ఫ్రెంచి, ఇంగ్లిషు యుద్ధనౌకలు తలపడ్డాయి. ఇంగ్లిషు కెప్టెన్ విలోబీకి ఒక కన్ను పోయింది. ఫ్రెంచి నాయకుడు దుపెర్రే కూడా గాయపడ్డాడు. ఇద్దరినీ మోసుకొచ్చింది ఈ ఇంటికే. ఒకే కప్పు కింద వైద్యం చేశారు. ఆ గదుల్లో చాలాసేపు తిరిగాను. దొరకీ దొరకీ మధ్య ఆ మర్యాద మనసులోంచి పోలేదు.

ఆ పోరులో గెలుపు ఫ్రెంచివాళ్లదే. పారిస్ విజయతోరణం మీద గ్రాండ్ పోర్ట్ పేరు చెక్కుకున్నారు కూడా. కానీ నవంబరు చివర్లో ఇంగ్లిషు సేన ఉత్తర తీరాన దిగింది. అందులో మద్రాసు సిపాయిలూ ఉన్నారు. డిసెంబరు 3న ద్వీపం లొంగిపోయింది. ఒప్పందం ప్రకారం అక్కడి ఫ్రెంచివాళ్ల మతం, చట్టాలు, ఆచారాలు, ఆస్తులు అన్నీ భద్రం. బానిసలూ ఆస్తి కిందే లెక్క! ఇంగ్లండు 1968 దాకా ఏలినా, ఈనాటికీ బజారులో వినిపించేవి క్రియోల్, ఫ్రెంచి భాషలే.

1835లో బానిసత్వం రద్దయితే పరిహారంగా 20 లక్షల పౌండ్లకు పైగా ముట్టింది యజమానులకు. బానిసలకు పైసా రాలేదు. చెరకు తోటలకు ఇక మన దేశం నుంచి కూలీలు. దాదాపు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లకు ఇక్కడ ఆ రేవు పేరే స్థిరపడింది. పోర్ట్ లూయీలో వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ రాతిమెట్లు ఎక్కి చూశాను.

ఆ తర్వాత రోజులు బస్సుల్లో, చెరకు తోటల మధ్య గడిచిపోయాయి.

ఒక పల్లెలో తెలుగు మూలాలున్న పెద్దావిడ ఇంట్లో ధోల్‌పూరీ పెట్టారు. ఉడికించి పొడి చేసిన శనగపప్పు కూరిన పల్చని రొట్టె అది. బెల్లం లేని బొబ్బట్టులా ఉంది. చిక్కుడుగింజల కూర, టమాటా రుగాయ్ వేసి చుట్టి ఇచ్చారు. అంత రుచైన తిండి ఆ దేశంలో మరెక్కడా తినలేదు. ఆవిడకు తెలుగు రామభజనలు నోటికి వచ్చు, మాట్లాడేది మాత్రం క్రియోల్. మనవడు ఇంగ్లిషులో చెబుతుంటే విన్నాను: ఆవిడ నాన్న పగలంతా చెరకు నరికి, రాత్రి దీపం ముందు తెలుగు అక్షరాలు దిద్దేవాడట, ఓటు కోసం.

1885 రాజ్యాంగంలో ఓటు ఆస్తిపరులదే. 1948 ఎన్నికలకు ఆ గీత చెరిపేశారు: దీవిలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా చిన్న వాక్యాలు చదవడం, రాయడం వస్తే చాలు. ఆ భాషల్లో తెలుగు ఒకటి. ఓటర్లు 12 వేల నుంచి 70 వేలు దాటారు. పుస్తకాలు దీన్ని లండన్ తెచ్చిన సంస్కరణగా రాస్తాయి. నేను ఒప్పుకోను. 1937లో యూనియన్ ఫ్లాక్ ఎస్టేటులో కూలీల మీద కాల్పులు జరిగాయి. 1943లో బెల్వ్యూ హరెల్‌లో పోలీసుల తూటాలకు గర్భవతి అంజలై కూపెన్ బలైంది. లండన్‌ను కదిలించింది వాళ్లూ, రాత్రిళ్లు అక్షరాలు దిద్దిన ఆ నాన్నలూ. మహేబూర్ మ్యూజియంలో విలోబీకీ దుపెర్రేకీ ఇచ్చినంత చోటు వాళ్లకూ దక్కాలి.